నాలుగు-పదిహేడుకి వచ్చే ప్రశ్న

సోమవారం, శ్రావణ శుద్ధ విదియ

టవరు కాపలా నాది. పేరు పల్లాలమ్మ. చదివింది ఐదో తరగతి. చూసింది చూసినట్టు ఏ రోజుకారోజు రాయమన్నారు గనక రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నా తర్వాత కాపలాకి వచ్చేవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

పొద్దున్నే రూటరు పెట్టె తలుపు తీసి ఉప్పు తుడిచాను. తీగల గోతిలో పీతలు దూరితే పుల్లతో తరిమాను. సోలారు పలకల మీద కొంగల రెట్ట కడిగాను. పోటు తీశాక పాత ఊరి నీళ్ళ ట్యాంకు తల కనిపించింది. అది కనిపించిన రోజు నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది. కనిపించకపోతే సముద్రం ఇంకో జానెడు పైకొచ్చిందేమోనని అన్నం సహించదు.

ఇవాళ దొరబాబుగారి మనవరాలికి తాంబూలాలు పుచ్చుకున్నారు. ఆయన మా గవ్వలంక ప్రెసిడెంటు. పెళ్ళికొడుకుది ఒండ్రుపాలెం. రెండు ఊళ్ళూ ఒకేసారి మునిగాయి, రెండింటినీ తెచ్చి ఈ మిట్ట మీదే పెట్టారు. తూర్పు వరస మాది, పడమటి వరస వాళ్ళది, మధ్యలో టవరు. ఇన్నేళ్ళలో నేను టవరు దాటి పడమటి వరసలోకి అడుగు పెట్టలేదు. వాళ్ళూ ఇటు రారు. అలాంటిది ఇప్పుడు వియ్యం.

తాంబూలాలయ్యాక పెద్దలంతా టవరు దగ్గరికి వచ్చారు. లైను చూసే సోమేశాన్ని పిలిచి, ఒకటైపోయాక రెండు రంగులు ఎందుకు, ఒకటి చేసెయ్యమన్నారు. ఈ రంగుల సంగతి నేను కాపలాకి చేరిన కొత్తలో సోమేశమే చెప్పాడు. మిట్ట నుంచి ఒడ్డుకి సముద్రం అడుగున పోయే తీగ ఒక్కటే. అందరి మాటలూ అందులోనే పోవాలి. ఒక పడవలో అందరి మూటలూ వేసినట్టన్నమాట. ఏ మూట ఎవరిదో తెలియడానికి ఈ రూటరు పెట్టె ఒక్కో మూటకీ ఒక్కో రంగు తాడు కడుతుందట. గవ్వలంకకి ఆకుపచ్చ, ఒండ్రుపాలేనికి పసుపు, కరకట్ట గేట్లకి ఎరుపు. ఒక రంగు మూట ఇంకో రంగువాళ్ళ కంటికి కూడా కనపడదు. ప్రైవేటు నెట్‌వర్క్ అంటే అదేనట.

పసుపు శుభం కదా అని మా ఆకుపచ్చని తీసుకెళ్ళి వాళ్ళ పసుపులో కలిపేశారు. పెట్టె అద్దం మీద ఆకుపచ్చ గీత ఆరిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. పోతే మాదే ఎందుకు పోవాలని నేనడిగాను. దొరబాబుగారు నవ్వి, "పల్లాలమ్మకి కొబ్బరికాయ కొట్టినా లోపలెవడో దాక్కున్నాడనే అనుమానం," అన్నారు. అందరూ నవ్వారు. సోమేశం మాత్రం నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో అడుగుదామనుకునే లోపల పెళ్ళిదీపాల పని ఉందని వెళ్ళిపోయాడు.

బుధవారం, చవితి

ఉప్పు తుడిచాను. బ్యాటరీలు చూశాను. అంతా బాగానే ఉంది, నా మనసు తప్ప.

సరుకుల తెప్ప వచ్చింది. దాన్ని నడిపేవాళ్ళెవరూ ఉండరు, ఇంటి నంబరు చూసుకుని అదే దింపి పోతుంది. నేను చెప్పింది మంచినూనె, చింతపండు. మా గుమ్మంలో దింపింది పచ్చి మామిడికాయలు, మినప్పప్పు, చిన్న చిన్న నూలు బట్టలు. పాతకాలపు చీరలు చింపి కుట్టినంత మెత్తగా ఉన్నాయి ఆ బట్టలు. మా ఇంట్లో అంత చిన్న మనిషి ఎవరూ లేరు. నేనూ మా ఆయనా, అంతే.

మా ఆయన పేరు అబ్బులు. షుగరు మనిషి. నడుముకి పంపు పెట్టుకుంటారు. పొద్దున్నే ఆసుపత్రి వాళ్ళు ఒడ్డు నుంచి ఆ రోజు కొలత పంపిస్తారు, దాని ప్రకారం పంపు ఒంట్లోకి ఇన్సులిను ఎక్కిస్తుంది. తర్వాత ఒక ప్రశ్న అడుగుతుంది, కాళ్ళ వాపు తగ్గిందా అని. ఈయన అవుననో కాదనో నొక్కాలి.

బట్టలు తిరిగి పంపేద్దామంటే మా ఆయన వాటిని మడిచి మంచం కింద పెట్టారు. ఉండనీవే, ఎవరో ఒకరు వచ్చి అడుగుతారులే అన్నారు. అన్నప్పుడు నా మొహంలోకి చూడలేదు.

ఇంకోటి కూడా గమనించాను. నిన్నటి నుంచి పంపు పలికే వేళకి ఈయన వీధరుగు చివరికి వెళ్ళి కూర్చుంటున్నారు. చొక్కా కింద చెయ్యి పెట్టి ఏదో నొక్కి, ఒక్కరే నవ్వుకుంటున్నారు. ఏంటండీ అంటే ఏం లేదంటారు. ఈ వయసులో నా దగ్గర దాచేది ఏముంటుంది?

గురువారం, పంచమి

వీధి గుమ్మం మీద నంబరు రేకు తుడిచాను. 4-17. నీలం రేకు మీద తెల్ల అంకెలు. ఇల్లు మునుగుతుంటే మా ఆయన మేకులు పీకి చంకలో పెట్టుకుని తెచ్చారు. మిట్ట మీదికి వచ్చాక కొత్త నంబర్లు ఇస్తామన్నారు గాని ఏ ఊరివాళ్ళూ ఒప్పుకోలేదు. ఇల్లు ఎలాగూ పోయింది, నంబరు కూడా పోతే ఇక మనం ఎక్కడివాళ్ళమని చెప్పుకుంటాం?

రేకు తుడుస్తుండగా లోపల దబ్బుమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే మా ఆయన నేల మీద కూలబడి ఉన్నారు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. బెల్లం నీళ్ళు పట్టించాను. కాసేపటికి తేరుకున్నారు. ఆసుపత్రికి మాట కలిపి అడిగితే అవతల మాట్లాడే యంత్రం, 4-17కి పంపిన కొలత సరిగానే ఉందంది. సరిగా ఉంటే మనిషి ఎందుకు పడతాడు?

చుట్టుపక్కల విచారిస్తే అందరిదీ ఇదే గోలట. ఒకళ్ళ పాట ఇంకొకళ్ళ ఇంట్లో వినిపిస్తోందట, ఒకళ్ళ చేపల మేత ఇంకొకళ్ళ గుమ్మంలో పడుతోందట. పెళ్ళి కుదిరిన సంబరంలో అదీ ఒక వేడుకలా నవ్వుకుంటున్నారు. నాకు నవ్వు రాలేదు. పోయేది చేపల మేత అయితే నవ్వుకోవచ్చు.

శనివారం, సప్తమి

ఇవాళ పొద్దున్న తలుపు చాటున నిలబడి విన్నాను. మొగుడి మాటలు చాటుగా వినడం తప్పే, అయినా విన్నాను.

పంపు పలికింది. కాళ్ళ వాపు మాట కాదు. "బిడ్డ ఇవాళ కదిలిందా?" అని అడిగింది.

ఎవరైనా చెంప మీద కొట్టినట్టయింది నాకు.

ఇది ఎవరి పనో నాకు వెంటనే తెలిసిపోయింది. ఒండ్రుపాలెం గంగారత్నం. మిట్ట మీదికి వచ్చిన ఏడాది ఎండాకాలంలో నీళ్ళ కుళాయి దగ్గర నాకూ ఆవిడకీ మాటామాటా పెరిగింది. అందరి ముందూ నన్ను చూసి, ఏడ్చే పిల్ల లేని కొంపకి రెండో బిందె ఎందుకు అంది. ఆ మాట మళ్ళీ ఎక్కడ వినాల్సి వస్తుందోనని నేను పడమటి వరస వైపు చూడడమే మానేశాను. ఇప్పుడు దారులు ఒకటయ్యాయి కదా. మా ఇంట్లోకి వచ్చి, మా ఆయన నడుము దగ్గర నుంచి ఎగతాళి చేస్తోంది. ఆ చిన్న బట్టలు పంపింది కూడా ఆవిడే అయ్యుంటుంది.

మా ఆయనకి ఇది తెలుసు, నాకు చెప్పలేదు. నేను బాధపడతాననా, లేక ఇంకేదైనా ఉందా? మధ్యాహ్నం కంచంలో అన్నం పెట్టాను గాని మాట్లాడలేదు.

ఆదివారం, అష్టమి

ఇవాళ జరిగింది చాలా ఉంది. వరసలో రాయడానికి ప్రయత్నిస్తాను.

పొద్దున్న కొలత రాగానే మా ఆయన మళ్ళీ పడిపోయారు. ఈసారి కళ్ళు తేలేశారు. నాలిక కింద బెల్లం పెట్టి, పంపు ఊడబీకి, పక్కింటివాళ్ళని కూర్చోబెట్టాను. కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టాక, పంపు చేత్తో పట్టుకుని టవరు దాటి పడమటి వరసలోకి నడిచాను. ఎగతాళి అయితే పడేదాన్నేమో. మనిషి ప్రాణం మీదికి తెస్తే ఊరుకోను.

గంగారత్నం ఇల్లు అడిగి తెలుసుకుని వెళ్ళాను. గుమ్మం ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. తలుపు మీద నీలం రేకు. తెల్ల అంకెలు. 4-17.

ఒక్క క్షణం దారి తప్పి మా ఇంటికే వచ్చాననుకున్నాను. ఈలోగా గంగారత్నం బయటికొచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, నాలుగు రోజులుగా నిద్ర లేనట్టు కళ్ళు లోపలికి పోయాయి.

"వచ్చావా తల్లీ," అంది. "కడుపుతో ఉన్న పిల్లని పట్టుకుని కాళ్ళ వాపు తగ్గిందా అని అడిగిస్తున్నావు. ఏం సరదా నీకు?"

అంతలో నా చేతిలో పంపు తనంతట తనే పలికింది. బిడ్డ ఇవాళ కదిలిందా?

లోపల మంచం మీంచి నీరసంగా ఒక గొంతు, "అమ్మా, అది నన్నడగాల్సింది కదే," అంది.

అది గంగారత్నం కూతురు కనకం. పురిటికి పుట్టింటికి వచ్చింది. చిన్నప్పటి నుంచీ షుగరట, దానికీ నడుముకి పంపే. నెలలు నిండుతుంటే రోజురోజుకీ కొలత పెంచాలట. లోపలికి వెళ్ళి చూశాను. పెదాలు ఎండిపోయాయి. చెంబులకి చెంబులు నీళ్ళు తాగినా దాహం తీరడం లేదంటోంది. బిడ్డ నిన్న సాయంత్రం నుంచి సరిగా కదలడం లేదట.

గంగారత్నం నన్ను చూసింది, నేను ఆవిణ్ణి చూశాను. ఆ పిల్ల మందు మా ముసలాయన ఒంట్లోకి పోతోంది. మా ముసలాయన కాస్తంత మందు ఈ పిల్లకి వస్తోంది. అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేకపోయింది.

ఆసుపత్రికి మాట కలిపాం. పడవ పంపమని గంగారత్నం ఏడ్చింది. అవతలి యంత్రం నెమ్మదిగా చెప్పింది: 4-17లో బిడ్డ బాగా కదులుతోందని మంగళవారం నుంచీ సమాధానాలు వచ్చాయట, ఒకే నంబరు నుంచి రెండు రకాల కొలతలు కూడా వస్తున్నాయట, పంపు చెడిపోయి ఉంటుంది గనక బాగుచేసే మనిషిని ఎల్లుండి పంపుతారట. ఊరి పడవలో తీసుకెళ్దామంటే శ్రావణం గాలి. ఆ కెరటాల మీద కనకాన్ని ఎక్కించే ధైర్యం ఎవరికుంది?

బాగా కదులుతోందని ఎవరు చెప్పారని గంగారత్నం అడిగింది. నేను చేతిలో పంపుని చూసుకున్నాను. వీధరుగు చివర చొక్కా కింద చెయ్యి గుర్తొచ్చింది. ఆ మాట మాత్రం ఆవిడకి చెప్పలేదు.

సోమేశం మిట్ట మీదే ఉన్నాడు, పెళ్ళిదీపాలు కడుతూ. లాక్కొచ్చాం. పెట్టె తలుపు తీయగానే తల పట్టుకున్నాడు. రంగులు వేరుగా ఉన్నంతకాలం ఆకుపచ్చ 4-17 ఒకటి, పసుపు 4-17 ఒకటి, పెట్టెకి ఏ ఇబ్బందీ లేదట. రంగు కలిపేసరికి దానికి కనిపించేది ఒకే ఇల్లు. అందరికంటే ఆఖరున ఏ పంపు పలికితే మూట దానికి ఇచ్చేస్తోందట. అందుకే ఒక పూట సరిగా, ఒక పూట తప్పుగా.

"అందుకేనండి ఆ రోజు నాకు నవ్వు రాలేదు," అన్నాడు. "చెప్దావనుకున్నానండి. శుభమా అని తాంబూలాలు పుచ్చుకుంటుంటే ఎలా చెప్పను?"

మళ్ళీ విడదీయడానికి ఎంతసేపంటే చిటికెలో పనేనట. కాని పెద్దలు చెప్పకుండా ముట్టుకోనన్నాడు.

పెద్దలు పెళ్ళిపందిట్లోనే ఉన్నారు. సంగతంతా చెప్పాం. దొరబాబుగారు మొహం చిట్లించారు. కనకం మీద జాలి లేక కాదు. పెళ్ళి ముందు కలిపినదాన్ని విడదీయడమంటే అపశకునం, రేపు పిల్లా పిల్లాడూ విడిపోతే ఆ మాట ఎవరు పడతారన్నారు. ఒండ్రుపాలెం వియ్యంకుడుగారూ తల ఊపారు. దానికి బదులు మా ఇద్దరిలో ఒకళ్ళు నంబరు మార్చుకుంటే సరిపోతుంది కదా అన్నారు. గంగారత్నం నా వైపు చూసింది. మారుస్తానని నోటిదాకా వచ్చింది నాకు. కాని ఒక్క మా నంబరేనా? తూర్పున 1-3 ఉంది, పడమటా 1-3 ఉంది. ఎవరింట్లో ఎవరికి ఏ పంపు ఉందో, రేపు ఎవరికి వస్తుందో?

నాకు పెద్దల ముందు నిలబడి మాట్లాడడం అలవాటు లేదు.

"ప్రెసిడెంటు గారండీ," అన్నాను. "మీ మనవరాలి మెళ్ళో ఎన్ని పుస్తెలు కడతారండి?"

అదేం ప్రశ్న, రెండు అన్నారు.

"ఎవరెవరివండి?"

"పుట్టింటిదోటి, అత్తింటిదోటి. నీకు తెలీదా?"

"రెండూ ఒకే తాడుకి కడతారు కదండి. ఒకటైపోయాం కదా అని రెంటినీ కంసాలి చేత కరిగించి ఒకటి చేయిస్తారేంటండి?"

దొరబాబుగారి భార్య పీట మీద కూర్చుని ఆకులూ వక్కలూ సర్దుతోంది. ఆవిడ పని ఆపి, మెళ్ళో పుస్తెలు రెండూ బయటికి తీసి, వేళ్ళతో ఒకదాన్నొకటి తాకించి, మళ్ళీ లోపల వేసుకుంది. మొగుడి వైపు చూసి, "తాడు ఒకటే ఉంది కదండీ. చాల్లెండి, ఆ పిల్ల సంగతి చూడండి," అంది.

సోమేశం అప్పటికే టవరు వైపు పరుగెడుతున్నాడు.

ఆకుపచ్చ గీత మళ్ళీ వెలిగింది. పంపు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. కాసేపటికి అది, కాళ్ళ వాపు తగ్గిందా అంది. పడమటి వరస నుంచి గంగారత్నం కేక వినిపించింది, కూతురి పంపు ఇప్పుడు బిడ్డ సంగతే అడిగిందట. బిడ్డ కదల్లేదని కనకం "కాదు" నొక్కింది. ఆసుపత్రి పడవ ఎండ వాలకుండానే వచ్చింది.

మంగళవారం, దశమి

ఉప్పు తుడిచాను. రెండు గీతలూ వేరువేరుగానే ఉన్నాయి. మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసొచ్చాను.

కనకం, కడుపులో బిడ్డ ఇద్దరూ క్షేమమని ఒడ్డు నుంచి కబురు. ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నారట. షుగరు దిగాక ఇంటికి పంపుతామన్నారు.

మా ఆయన లేచి కూర్చున్నారు. ఎదురుగా కూర్చుని అడిగాను, ఎందుకు నొక్కారని.

"రోజూ పొద్దున్నే ఎవరో అంత ఆప్యాయంగా అడుగుతున్నారు కదే," అన్నారు. "కాదని నొక్కడానికి చెయ్యి రాలేదు."

మీ అవును వల్ల ఆ పిల్లకి పడవ రాలేదని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఎంత పిలిచినా అన్నానికి లేవలేదు. అప్పటి నుంచి కాళ్ళ వాపు ప్రశ్నకి కూడా నన్ను పిలిచి, నేను వాపు చూశాకే నొక్కుతున్నారు.

ఆ చిన్న బట్టలు ఉతికి, ఎండేసి, టవరు దగ్గర సోమేశానికి ఇచ్చి పడమటి వరసకి పంపాను. మా ఆయన నొక్కిన సంగతి కూడా నోరుజారి అతనికి చెప్పేశాను.

ఆదివారం, పున్నమి

పోటు బాగా ఉంది. ట్యాంకు తల కనిపించలేదు. కట్ట చుట్టూ తిరిగి చూశాను, తడి ఎక్కడా పైకి రాలేదు. ఎరుపు గీత నిలకడగా ఉంది, గేట్లు బాగానే ఉన్నట్టు.

పొద్దున్న పంపు పలికే వేళకి మా ఆయన మళ్ళీ వీధరుగు చివరికి వెళ్ళి కూర్చున్నారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను, ఈసారి చాటుగా కాదు. కాళ్ళ వాపు తగ్గిందా అంది. నేను చూసి తగ్గిందన్నాను, నొక్కారు. అయినా లేవకుండా కూర్చున్నారు, ఇంకేదైనా అడుగుతుందేమోనన్నట్టు. పంపు ఇంకేం అడగలేదు.

అప్పుడు టవరు పక్క నుంచి గంగారత్నం వచ్చింది. మా వరసలోకి రావడం ఆవిడకి ఇదే మొదలు. గుమ్మం ముందు ఆగి మా రేకు మీద అంకెలు చదువుకుంది. కుళాయి దగ్గరి మాట ఆవిడకి గుర్తుందో లేదో తెలీదు. ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"కనకం రాత్రే వచ్చేసిందండి వదినగారూ," అంది నాతో. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. ఆయన నొక్కిన సంగతి సోమేశం చెప్పేసినట్టున్నాడు. తిట్టడానికే వచ్చిందనుకుని నేను అడ్డంగా నిలబడ్డాను.

"కదిలిందండి అన్నయ్యగారూ," అంది. "ఇప్పుడే, నేను వచ్చేముందు."

మా ఆయన చెయ్యి అలవాటుగా చొక్కా కిందికి వెళ్ళింది. సగంలో ఆగింది. చెయ్యి బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుని, నోటితోనే "అవునా," అన్నారు.

ఆవిడ కాఫీ తాగి వెళ్ళింది. అసలు ఎందుకొచ్చిందో నాకు ఇంకా అనుమానంగానే ఉంది. రేపు పొద్దున్న కూడా వస్తుందేమో చూడాలి. ఆ వేళకి రాకపోతే ఉప్పు తుడవడం ఆపి నేనే వెళ్ళి కనుక్కుని వస్తాను.